ఇక్కడ ఎకరం ఎంతుంటుందండీ?

గుంటూరులో రిటైరైన జువాలజీ మాస్టారు ఒకాయన, చలికాలం వచ్చిందంటే ఓ వ్యాన్ మాట్లాడి జనాన్ని పోగేసి చెరువులూ, గడ్డినేలలూ, ఇసుక దిబ్బలూ చూపిస్తుంటారు. దారిలో గుళ్ళు ఉండవు, షాపింగ్ ఉండదు, వ్యాన్‌లో పాటలు కూడా ఉండవు. డీజిల్, టిఫిను, డ్రైవర్ బత్తా లెక్కగట్టి మనిషికి ఇంత అని తీసుకుంటారు, ఏమైనా మిగిలితే తిరిగి ఇచ్చేస్తారు (కొల్లేరు వెళ్ళొచ్చాక నాకు నిజంగానే నలభై రూపాయలు ఫోన్‌పే చేశారు). షరతులు మాత్రం గట్టివి. తెల్ల బట్టలు వద్దు, సెంటు వద్దు, పిట్ట కనబడితే వేలు చూపించి అరవొద్దు.

నేనూ మా అత్తగారూ వెళ్ళాం. మా ఆయన, "తెల్లవారుజామున నాలుగింటికి లేచి కొంగల్ని చూడాలా?" అని దుప్పటి ముసుగేశారు. మంగళగిరిలో రియల్ ఎస్టేట్ చేసే ఆయన ఒకరు భార్యతో వచ్చారు. మంచి మనిషే, ఇంట్లో చేయించిన చేగోడీల డబ్బా అందరికీ తిప్పేవారు. కాకపోతే వ్యాన్ ఎక్కడ ఆగినా కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒకసారి చుట్టూ చూసి, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళని, "ఇక్కడ ఎకరం ఎంతుంటుందండీ?" అని అడగందే ఉండలేరు. మొదట్లో నవ్వుకున్నాం కానీ, ఈ నేలల గురించి ఆ ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో తెలిసినంత నాకు బోర్డులు చదివితే తెలియలేదు.

జనవరి 24, శనివారం సాయంత్రం: ఉప్పలపాడు

ఇది అసలు ట్రిప్పుకి ముందు ట్రయల్ అన్నారు మాస్టారు. గుంటూరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు, పెదకాకాని మండలం. ఇన్నాళ్ళుగా గుంటూరుకి పెళ్ళిళ్ళకీ, మిరపకాయలకీ వెళ్ళొస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, చెట్లు చాలక పెట్టిన ఇనుప స్టాండ్లు, వాటి నిండా గూడబాతులు. పెలికాన్ అంటే పిల్లలకి తెలుస్తుంది. వాటి పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. వాసన ఘాటుగానే ఉంటుంది, పది నిమిషాల్లో ముక్కు అలవాటు పడుతుంది.

పొద్దు వాలేటప్పుడు గులాబీ గోరింకలు వచ్చాయి. శీతాకాలానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే పిట్టలు ఇవి. వేలకు వేలు ఒకేసారి ఆకాశంలో మలుపు తిరుగుతుంటే నల్లటి ముద్ద సాగి, చీలి, మళ్ళీ కలిసింది. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఫోన్లో తీసిన వీడియోలో మొత్తం దుమ్ములా పడింది. ఫోన్ జేబులో పెట్టుకుని కళ్ళతో చూడడమే మేలు.

రియల్ ఎస్టేట్ ఆయన చెరువు గట్టు మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగారు. "చెరువుకి రేటేంటండీ, ఇది ఊరిది" అని ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

జనవరి 25, ఆదివారం: కొల్లేరు

మనిషికి తొమ్మిది వందలు, పొద్దున టిఫినుతో కలిపి. బోటు టికెట్ మనదే. టిఫిన్ ఇడ్లీ, అల్లం పచ్చడి, పొట్లాలు విప్పేసరికి చల్లారిపోయాయి.

కైకలూరు పక్కన ఆటపాకలో బోటెక్కాం. మా అత్తగారి పుట్టిల్లు ఇక్కడికి దగ్గర్లోని లంక ఊరు, అందుకే పొద్దుట్నుంచీ హుషారుగా ఉన్నారు. ఆటపాకలో కూడా గూడబాతులకి ఇనుప స్టాండ్లు వేశారు. కొల్లేటి నీళ్ళ మధ్య వాటికి గూళ్ళు పెట్టుకునే పెద్ద చెట్లు లేకపోవడమే కారణం. బోటు దగ్గరకి పోనివ్వకుండా మాస్టారు ఇంజన్ ఆపించారు. పిల్ల బాతు తల్లి గొంతు సంచీలోకి తల మొత్తం దూర్చేసి, ఆర్టీసీ కండక్టర్ సంచీలో చిల్లర వెతికినట్టు అటూ ఇటూ కెలుకుతోంది. తల్లి ముక్కు ఆకాశం వైపు తెరుచుకుని అలాగే భరిస్తోంది. బోటులో అందరూ పిట్టల్ని చూస్తుంటే మా అత్తగారు నీళ్ళలోకి చూస్తున్నారు.

"మా చిన్నప్పుడు ఈ నీళ్ళే కుండలో పోసుకుని తాగేవాళ్ళం మాస్టారూ. తాటిదోనె మీద బడికి పోయేవాళ్ళం."

"అయితే ఇకమీదట మీరే చెప్పండి అమ్మగారూ, నేను వింటాను" అన్నారాయన, నిజంగానే పక్కకి జరిగి కూర్చున్నారు. గైడ్ అన్నవాడికి ఉండాల్సిన మొదటి లక్షణం ఇదేనేమో అనిపించింది నాకు. ఆవిడ జమ్ము ఎలా కోసి చాపలకి వాడేవాళ్ళో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఫాల్గుణంలో పడవల మీద ఎలా వెళ్ళేవాళ్ళో చెప్పారు. గుర్రపుడెక్క తమ చిన్నప్పుడు ఇంత లేదన్నారు.

వ్యాన్ దారి తప్పింది ఆ తర్వాతే. ఫోన్లో మ్యాపు చూపించిన అడ్డదారి చేపల చెరువు గట్టు మీదికి తీసుకుపోయింది, అటు వైపు నుంచి తవుడు బస్తాల లారీ. రెండు వైపులా నీళ్ళు, వెనక్కి తిప్పే చోటు లేదు. లారీ కుర్రాడు దిగి మా డ్రైవర్‌కి అర కిలోమీటరు దూరం రివర్స్ చేయడంలో సాయం చేశాడు, చెయ్యి ఊపుతూ, మధ్యమధ్యలో తిడుతూ. ఆ అరగంటలో నేను చేపల చెరువు ఎలా నడుస్తుందో చూశాను. సంచులకు చిల్లులు పొడిచి, తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కడతారు. శీలావతీ, బొచ్చే వచ్చి ఆ చిల్లుల్లోంచి పీక్కుతింటాయి. చెరువు పైన అడ్డంగా తాళ్ళు కట్టి ఉన్నాయి, అవి గూడబాతులు దిగకుండా. "రోజుకి ఒక్కో బాతు ఎంత మింగుద్దో తెలుసా మేడం" అన్నాడు అక్కడి కాపలా మనిషి. గంట క్రితం ఆ బాతుని చూసి మురిసిపోయినవాళ్ళం, ఏం చెప్తాం.

రియల్ ఎస్టేట్ ఆయన ఆ మనిషినే పట్టుకున్నారు. చెరువు లీజు రేటు చెప్పి, "కొనడానికి లేదు సార్, ఇది కాంటూరులో ఉంది" అన్నాడతను. కాంటూరంటే సముద్రమట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని కొలిచి గీసిన గీత, కొల్లేరులో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన మాట. 1999లో వచ్చిన 120 జీవో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అంది. 2002లో రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చేశారు. ఆ గట్లలో మా అత్తగారి తమ్ముడి వాటా కూడా ఉంది. ఆయన ఇప్పటికీ ఆ ఏడాది గురించి మాట్లాడరు. అభయారణ్యం కావాలి, నిజమే, కానీ అంతకు ముందు అందులో చెరువులు తవ్వుకోండని ప్రోత్సహించిందీ ప్రభుత్వాలే. వ్యాన్‌లో దీని మీద గట్టిగానే వాదన జరిగింది, మాస్టారు ఎవరి పక్షమూ తీసుకోలేదు, అది నాకు కొంచెం నచ్చలేదు.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది, కింద వాటా మొత్తం మునిగింది. ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో నేను అంతకుముందు ఆలోచించలేదు. బుడమేరు, తమ్మిలేరు రెండూ వచ్చి చేరేది ఈ కొల్లేరులోకే. ఇక్కడి నుంచి సముద్రానికి ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. మాస్టారు గట్టు మీద నిలబడి వేలితో గాల్లో గీసి చూపించారు, పైనుంచి ఇంత వస్తుంది, కిందికి ఇంతే పోతుంది, మధ్యలో నిలబడ్డానికి జాగా కావాలి కదా అని. ఆ జాగా మీదే మా వ్యాను రివర్స్ చేస్తూ ఉంది.

భోజనం కైకలూరు దారిలో ఒకావిడ నడిపే మెస్సులో. మీల్స్ నూట యాభై, కొర్రమీను పులుసు వేరే. పులుసు చిక్కగా, నూనె తేలుతూ, మామిడికాయ ముక్కతో ఉంది. నేను రెండుసార్లు వేయించుకున్నాను. మా అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "చెరువు చేప" అని తేల్చేశారు. మెస్సు ఆవిడ ఏమీ నొచ్చుకోకుండా, "కొల్లేటి చేప ఎక్కడ దొరుకుద్ది పిన్నిగారూ ఇప్పుడు" అని ఇంకో గరిటె పోసింది.

ఫిబ్రవరి 7, శనివారం: రోళ్ళపాడు

గడ్డినేల చూడాలంటే మన వైపు లేదు. కర్నూలు సీమకి పోవాల్సిందే. రోళ్ళపాడు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ముందురోజు రాత్రికే నంద్యాల చేరి లాడ్జిలో పడుకున్నాం, అంతా కలిపి మనిషికి రెండు వేల ఎనిమిది వందలైంది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు నలభై. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. బజ్జీ కారం చూసి గుంటూరు వాళ్ళు కూడా నీళ్ళు అడిగారు. నాకైతే ఇడ్లీ పొట్లం కంటే ఇది వందరెట్లు నయం.

మాస్టారు బయల్దేరే ముందే చెప్పేశారు, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అయితే రావద్దని. 1988లో ఈ అభయారణ్యం పెట్టిందే ఆ పిట్ట కోసం. మగది పదిహేను కిలోల దాకా బరువు తూగుతుంది, ఆడది నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. దేశం మొత్తం మీద ఇప్పుడు నూట యాభై కూడా లేవు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో. కరెంటు తీగలు వాటికి పెద్ద గండం. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, అంత బరువుతో చివరి క్షణంలో పక్కకి తిరగలేదు.

వ్యాన్ దిగగానే అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఏముంది ఇక్కడ? మోకాలెత్తు ఎండుగడ్డి, దూరంగా ఒకటో రెండో తుమ్మచెట్లు, ఆపైన ఆకాశం. రియల్ ఎస్టేట్ ఆయన బోర్డు మీద 614 హెక్టార్లని చదివి, "పదిహేను వందల ఎకరాల పైమాటే, ఒకే బిట్టు, రాయీ రప్పా లేదు" అని నిట్టూర్చారు. ఒకమ్మాయి, "సార్, మా కాలేజీ వాళ్ళం వచ్చి మొక్కలు నాటుదామా?" అని అడిగింది. మాస్టారికి కోపం రావడం నేను చూసింది అప్పుడే. గడ్డినేలలో చెట్లు నాటితే అది గడ్డినేల కాకుండా పోతుందనీ, బట్టమేకకీ, నక్కకీ నాలుగు దిక్కులా దూరంగా కనబడాలనీ, చెట్టు వస్తే దాని మీద కూర్చునే కాకీ గద్దా గుడ్లు ఎత్తుకుపోతాయనీ గబగబా చెప్పుకుపోయారు. పాపం ఆ పిల్ల తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వన మహోత్సవాల్లో పెరిగిన పిల్ల, వేరేలా ఎలా అడుగుతుంది?

కృష్ణజింకలు మాత్రం కావలసినన్ని. మగవాటి ఒంటి నలుపు, మెలికల కొమ్ములు, పిల్లలు గాల్లోకి ఎగిరే గంతులు చూస్తూ మధ్యాహ్నం గడిచిపోయింది. రాష్ట్ర జంతువు కాబట్టి చూడగానే అందరూ ఫొటోలు. పక్క చేను రైతు లెక్క వేరు. శనగ చేను గట్టు మీద మంచె వేసుకుని, రాత్రిళ్ళు దానిమీదే పడుకుంటున్నాడు. "మీకు సూడ్డానికి బాగుండాయి. మాకు యాడ నిద్ర ఉండాది సార్?" అన్నాడు. ఎకరం ధర అడిగితే చెప్పాడు, చెప్పి, "కొంటే జింకల్తో కలిపి కొనల్ల" అని నవ్వాడు. ఇక్కడ ఒకప్పుడు సజ్జ, జొన్న, వేరుశనగ వేసేవాళ్ళట, బట్టమేక ఆ చేలల్లోకి కూడా వచ్చి మిడతలు ఏరుకునేదట. కాలువ నీళ్ళొచ్చాక పంటలు మారాయి. జింకలు నిలబడ్డాయి, పిట్ట నిలబడలేదు.

సాయంత్రం అసలు కార్యక్రమం. ఫారెస్టు వాచర్ మమ్మల్ని ఒక చోట వరసగా కూర్చోబెట్టి, "యాడికీ పోవద్దు, ఈడే ఉండండి. పొద్దు వాలే యాళకు అవే వస్తాయి" అన్నాడు. వచ్చాయి, పిల్లిగద్దలు. చలికాలం ఇక్కడ గడిపే వలస గద్దలివి, పగలంతా చేల మీద మిడతలు పట్టుకుని రాత్రికి గడ్డిలోనే, నేల మీదే పడుకుంటాయి. ఒకటి, తర్వాత రెండు, తర్వాత లెక్క తప్పింది. గడ్డి మీద జానెడు ఎత్తున తేలుతూ వచ్చి, రెక్కలు పైకి మడిచి దిగిపోతున్నాయి, దిగాక మళ్ళీ ఉన్నట్టే కనబడవు. పొద్దున ఏమీ లేదనుకున్న చోట, మా కాళ్ళకి వంద గజాల్లో, అన్ని గద్దలు పడుకుని ఉన్నాయి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి, కింద కూర్చోలేరు, వాచర్ తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వచ్చేటప్పుడు ఆవిడ వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు, బలవంతం చేస్తే బిస్కెట్ ప్యాకెట్ మాత్రం తీసుకున్నాడు.

మార్చి 8, ఆదివారం: సూర్యలంక

బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఎనిమిది వందలు. తెలుగువాళ్ళకి సూర్యలంక అంటే ఆదివారం స్నానాలు, మొక్కజొన్న కండెలు, వేయించిన రొయ్యలు, తడిబట్టలతో కారు సీటు పాడైందని గొడవ. మేం చీకటితో వెళ్ళాం కాబట్టి ఇవేవీ లేవు, రాత్రి వదిలేసిన సీసాలు మాత్రం ఉన్నాయి.

ముందు తాబేళ్ళ హేచరీ. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తినేయకుండా వాటిని ఏరి, కంచె లోపల మళ్ళీ గుంటలు తీసి పూడ్చి, తేదీ రాసిన పుల్ల గుచ్చుతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. ఇది విని మా అత్తగారు, "మా రోజుల్లో తెలిస్తే బాగుండేది" అన్నారు, ఆవిడకి ముగ్గురూ కొడుకులే.

పిల్లల్ని నీళ్ళలో వదలరు, ఒడ్డు మీద పెడితే అవే నడిచిపోవాలి. వెలుతురు ఎటుంటే అటు పోతాయి కాబట్టి ఫ్లాష్ వేయొద్దన్నారు. చెప్పిన నిమిషానికే పక్క గుంపులో ఒకాయన ఫ్లాష్ కొట్టాడు, నాలుగు పిల్లలు వెనక్కి తిరిగాయి. వాచర్ తిట్టిన తిట్టు ఇక్కడ రాయను, న్యాయంగానే ఉంది. ఒడ్డున కొంచెం దూరంలో పెద్ద తాబేలు ఒకటి చచ్చిపడి ఉంది. అవి ఊపిరికి పైకి రావాలి, ట్రాలర్ వలలో చిక్కితే పైకి రాలేవు. ఒక మత్స్యకారుడు దాన్ని చూసి చెప్పు విడిచి, దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత జనం ఎవరూ చూడని వైపు, వెనక దిబ్బల మీదికి తీసుకెళ్ళారు మాస్టారు. ఇసుక దిబ్బని పట్టి ఉంచేవి రెండు. ఊదారంగు పూల బాలబంద తీగ ఒకటి, నేల మీద పాకి వేళ్ళు దింపుకుంటూ పోతుంది. రెండోది రావణాసురుడి మీసాలు, ముట్టుకుంటే సూదులే. దాని కాయ బంతి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోయి ఎక్కడో గింజలు రాలుస్తుంది. గాలి తెచ్చిన ఇసుక వీటి మధ్య చిక్కుకుని దిబ్బ లేస్తుంది. రెండు దిబ్బల మధ్య పల్లంలో మాస్టారు చేత్తోనే తవ్వితే మోచేతి లోతులో నీళ్ళు ఊరాయి. తాగి చూశాం. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఉప్పు లేదు! వాన నీళ్ళు దిబ్బ లోపల, ఉప్పునీళ్ళ మీద తేలుతూ నిలబడతాయట. ఈ చెలమల మీదే చుట్టుపక్కల కూరగాయ మళ్ళు బతుకుతున్నాయి.

రియల్ ఎస్టేట్ ఆయన వల బాగుచేసుకుంటున్న ముసలాయన పక్కన చతికిలబడ్డారు. ప్రశ్న తెలిసిందే. ముసలాయన తల కూడా ఎత్తలేదు. "ఎకరాలెక్కడియ్యి బాబూ ఇక్కడ, సెంట్లలో అడగండి" అన్నాడు. ఒక రేటు చెప్పాడు, మా సింగ్‌నగర్ రేటు కంటే ఎక్కువ. తర్వాత వల పక్కన పెట్టి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటిందని, తీగ ఉన్న దిబ్బ దగ్గర నీళ్ళు ఆగాయని, చదును చేసిన చోట లోపలిదాకా వచ్చాయని చేత్తో చూపించాడు. చదును చేసిన చోటే ఇప్పుడు కొత్తగా ప్రహరీ కట్టి ఉంది. రియల్ ఎస్టేట్ ఆయన లేచి ఆ గోడ దాకా నడిచి, దాని పునాది కింద ఇసుక కోసుకుపోయిన చోటు చూసి, ఫోన్లో ఫొటో తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాపట్లలో పెసరట్టు ఉప్మా తిని పదకొండింటికల్లా బయల్దేరాం. మాస్టారు ఈ సీజన్ ఇంతటితో ఆపేస్తారట, ఎండలు ముదిరాక మనుషుల్ని తిప్పడం తన వల్ల కాదన్నారు. మళ్ళీ చలికాలానికి హంసలదీవి వైపు మడ అడవులు, బావురు పిల్లి అడుగులు దొరికితే అవి కూడా చూపిస్తానన్నారు. మా అత్తగారు వ్యాన్‌లోనే రెండు సీట్లు చెప్పేశారు. అరవై దాటినవాళ్ళకి టికెట్ సగం చేయాలని అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. కుర్చీ ఒకటి వ్యాన్‌లో పెట్టుకొస్తామన్నారు, దానికి ఒప్పుకున్నారు.